ఆ పిల్లాడికి ‘ఒరే’ ఎవరు నేర్పారు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విశాఖపట్నం మధురవాడలో 45 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. నాకు 42 ఏళ్లు, బ్యాంకులో పని చేస్తున్నాను. నాలుగు నెలల కిందట నన్ను అసోసియేషన్ ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. అంతకుముందు ఆరేళ్లు ఒకాయనే ఉన్నారు. గట్టి మనిషి. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు లిఫ్టు పక్కన బోర్డు మీద రాయించేవారు, వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ కడిగేసేవారు. వాచ్‌మన్‌ని ‘ఒరే’ అనే పిలిచేవారు, అతనికి అరవై దాటాయి. ఆయన దిగిపోతే అంతా బాగుపడుతుందనుకున్నాం. పడలేదు. నేను 14 రూల్సు టైపు చేయించి ప్రతి ఫ్లోర్‌లో అంటించాను. రెండు వారాలు నడిచింది. మళ్లీ కారిడార్లో చెత్త సంచులు, పార్కింగు గొడవలు. మీటింగులో అందరూ ‘అలాగే మేడం’ అంటారు, రాత్రి పదకొండుకి గ్రూపులో మొదలుపెడతారు. మా ట్రెజరర్ గారి కారు రెండు పార్కింగులకి అడ్డంగా ఉంటుంది. కమిటీలో నాకు అండగా ఉన్నది ఆయనొక్కరే కాబట్టి ఏమీ అనలేకపోతున్నాను. మొన్న మరీ బాధేసింది. నాలుగో ఫ్లోర్ బాబు, పదేళ్లుంటాయి, సైకిల్ మీద వచ్చి వాచ్‌మన్‌ని ‘ఒరే, గేటు తియ్‌రా’ అన్నాడు. అక్కడున్న పెద్దవాళ్లెవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒక్క మనిషి మారితే 45 కుటుంబాల తీరు మారుతుందంటారా? మావారు రాజీనామా చేసెయ్యమంటున్నారు.
– ఒక ప్రెసిడెంటు, మధురవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. ఇక్కడ బాగా కుదించాం, ఏమనుకోకండి. లిఫ్టు కంపెనీతో తగువు, బోరు మోటారు కథ తీసేశాను. సైకిల్ పిల్లాణ్ణి మాత్రం ఉంచాను. మీరు అడిగినదానికి జవాబు వాడి నోట్లోనే ఉంది.

వాడు ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడు? ఇంట్లో అనేస్తే మనకి సుఖం. వాళ్ల అమ్మానాన్నా ఎలాంటివాళ్లో నాకు తెలీదు గానీ, మీ లెక్కన చూస్తే వాడికి నాలుగేళ్లప్పటి నుంచీ ఆ గేటు దగ్గర వినబడింది అదే పిలుపు. ఈ బిల్డింగులో అందరూ ఎవరికి తలొంచుతారో ఆయన హారన్ కొట్టి ‘ఒరే’ అంటాడు. పెద్దరికం అంటే అలా పిలవగలగడం కాబోలు అని వాడు అనుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు, ఆరేళ్లు కళ్లతో చూశాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. ఆ సామెతని ఎప్పుడూ తల్లీబిడ్డలకే వాడతాం. దూడ చూసేది తల్లినొక్కదాన్నే కాదు, మందకి ముందు నడిచేదాన్ని కూడా.

మన భాషలో క్రియ తోక చూస్తే చాలు, ఎవరు ఎవర్ని ఏ మెట్టు మీద నిలబెట్టారో తెలిసిపోతుంది. తియ్‌రా, తియ్యి, తియ్యవయ్యా, తియ్యండి, కాస్త తీస్తారా. గేటు అదే, తీసే చెయ్యీ అదే. పొద్దున్న స్కూలు బస్సుల వేళ ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరైనా ఓ పావుగంట నిలబడండి, అక్కడి అసోసియేషన్ ఎలాంటిదో మినిట్స్ పుస్తకం తెరవకుండానే చెప్పెయ్యొచ్చు.

కర్ట్ లెవిన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. యూదుడు. హిట్లర్ గద్దెనెక్కిన 1933లో జర్మనీ వదిలి అమెరికా వెళ్లిపోయాడు. ఒక నాయకుడొచ్చి చుట్టుపక్కల మనుషుల్ని ఎలా మార్చేస్తాడో కళ్లారా చూసి వచ్చినవాడు. అయోవాలో రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే ఇద్దరితో కలిసి ఆ ప్రశ్నే పట్టుకున్నాడు. వాళ్లు పరీక్షించింది సైనికుల్ని కాదు, ఉద్యోగుల్ని కాదు. మీ సైకిల్ పిల్లాడి ఈడు కుర్రాళ్లని. బడి అయ్యాక కూర్చుని మాస్కులూ అవీ చేసుకునే చిన్న చిన్న క్లబ్బులు. ఒకచోట ‘నేను చెప్పినట్టు చెయ్యండి’ అనే పెద్ద, ఇంకోచోట పిల్లలతో కూర్చుని ఏం చేద్దామో తేల్చుకునే పెద్ద, మరోచోట ఏదీ పట్టించుకోని పెద్ద. కొన్నాళ్లకి పెద్దల్ని అటూ ఇటూ మార్చారు. పిల్లలు వాళ్లే, కానీ పెద్ద తీరు మారేసరికి గది వాతావరణమే మారిపోయింది. 1939లో ఇది అచ్చయింది.

అందులో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఆజ్ఞలిచ్చే పెద్ద గదిలో ఉన్నంతసేపూ పని బాగా సాగింది. ఆయన అలా బయటికెళ్లాడో లేదో పడిపోయింది. కలిసి తేల్చుకున్న క్లబ్బులో పెద్ద బయటికెళ్లినా పిల్లలు పని ఆపలేదు. ఇది ఒకటి. రెండోది నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి. ఆజ్ఞల క్లబ్బులో పిల్లలు ఆ పెద్ద మీద తిరగబడకుండా తమలోనే ఒకణ్ణి పట్టుకుని ఏడిపించారు. వాడు మానేశాక ఇంకొకణ్ణి పట్టుకున్నారు.

ఇప్పుడు మీ బిల్డింగు చూడండి. ఆరేళ్ల తర్వాత పెద్దాయన గది దాటి బయటికెళ్లాడు. చెత్త సంచులు కారిడార్లోకి వచ్చాయి. మీరొచ్చాక చెడింది కాదది, ఆయన ఉండగా మూత కింద ఉన్నది. బోర్డు మీద పేరు పడినవాళ్లు, గ్రూపులో మాటలు పడినవాళ్లు ఆయన్ని తిరిగి ఏమీ అనలేదు కదా, మరి ఎవర్ని అన్నారు? తిరిగి అనలేని మనిషి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన్ని విలన్ని చేసి పక్కన పెట్టెయ్యడం మాత్రం కుదరదమ్మా. ఆరేళ్లు ఆయన్నే చేతులెత్తి ఎన్నుకున్నారు మీరంతా. ఎందుకు? బకాయిలు వసూలయ్యాయి, లిఫ్టు ఆగలేదు, ట్యాంకరు టైముకొచ్చింది. భయపెడితే పని వెంటనే అవుతుంది, దాన్నే మనం సమర్థత అనుకుంటాం. ఎవరో ఒకరు మన తరఫున నోరు పారేసుకుంటే మనకి హాయి కూడా. ‘ఆయన కాస్త కోపిష్టి గానీ పనిమంతుడు’ అని మీరు కూడా ఎక్కడో ఓసారి అనే ఉంటారు. నేనూ అన్నాను, వేరే మనుషుల గురించి.

ఇక మీ 14 రూల్సు. పీకేయండి. మెల్లిగా, ఎవరూ చూడకుండా కాదు, పట్టపగలే పీకేయండి. ఎడ్గార్ షీన్ అనే ఆయన సంస్థల్లో మనుషుల అలవాట్లు ఎలా స్థిరపడతాయో జీవితమంతా పరిశీలించి 1985లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన తేల్చినదాంట్లో గోడ మీద రాసినదానికి చివరి వరసలో చోటు. ముందు వరసలో ఉన్నవి వేరు. పెద్ద దేన్ని పట్టించుకుంటాడు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాడు, కష్టమొచ్చిన రోజున ఏం చేస్తాడు, ఎవర్ని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. జనం చదివేది వీటిని.

దాని ప్రకారం మీ బిల్డింగువాళ్లు మీ రూల్సు పక్కనపెట్టి ట్రెజరర్ గారి కారుని చదివారు. పార్కింగు గురించి మీ కాగితంలో ఏడో రూలో ఎనిమిదో రూలో ఉండే ఉంటుంది. దాని అసలు అర్థం వాళ్లకి ఆ కారు చెప్పింది: ‘మేడంకి కావలసినవాళ్లకి ఇది వర్తించదు.’ వీధి కుళాయి దగ్గర బిందెల వరస ఎలాంటిదో మీకు తెలుసు. ఒక్క బిందె ముందుకి జరిగితే వరసంతా పోతుంది. పాతాయన కోపం చేసి చెడిపితే మీరు మొహమాటపడి చెడుపుతున్నారు. లెవిన్ మూడో క్లబ్బు గుర్తుందా, ఏదీ పట్టించుకోని పెద్ద? అక్కడ పనీ సరిగ్గా సాగలేదు, పిల్లలకీ తృప్తి లేదు. మొదటి క్లబ్బు నుంచి తప్పించుకునే హడావిడిలో చాలామంది మంచివాళ్లు పోయి పడేది అందులోనే.

ట్రెజరర్ గారింటికి వెళ్లి చెప్పండి. గ్రూపులో కాదు, మీటింగులో కాదు, ఇంటికి వెళ్లి, ఒక్కరే. ‘మీ కారు ముందు సర్దితేనే నేను మిగతావాళ్లని అడగగలను’ అంతే. అండ పోతుందని భయపడకండి. పార్కింగు గీతకి ఇవతల నిలపమంటేనే పోయే అండ ఎన్నాళ్లుంటుంది?

కష్టమొచ్చిన రోజు అన్నాను కదా. అది మీతో వివరంగా చెప్పాలి. హుద్‌హుద్ తుఫాను మీరు చూసే ఉంటారు, మధురవాడలోనే ఉంటే మరీను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పటికి మేం సీతమ్మధారలో 24 ఫ్లాట్ల బిల్డింగులో ఉండేవాళ్లం. మధ్యలో గాలి కాసేపు ఆగి, అయిపోయింది కాబోలని తలుపు తీస్తే, అవతలి వైపు నుంచి మళ్లీ మొదలైంది. సాయంత్రానికి కిటికీ అద్దాలు లేవు, కరెంటు లేదు, ఫోను లేదు. మర్నాడు పొద్దున్న మెట్లు దిగేసరికి చెట్లన్నీ రోడ్డు మీద పడున్నాయి, కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉన్నాయి.

మా సెక్రటరీ గారు రైల్వేలో రిటైరైన మనిషి. సన్నగా, గొంతు పెద్దగా వినబడనట్టు మాట్లాడేవారు. ఆయన అందరికంటే ముందు సెల్లార్లోకి దిగారు. నీళ్లు చేరిన వాచ్‌మన్ గదిలోంచి వాళ్ల ట్రంకు పెట్టె తీయించి, మనుషుల్ని గ్రౌండ్ ఫ్లోర్‌లో ఖాళీగా ఉన్న ఫ్లాటులోకి మార్పించారు. ఆ ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్లు పనిచెయ్యడం లేదు. ‘తర్వాత నేను చెప్పుకుంటాను’ అన్నారు, తాళం పగలగొట్టించారు. తర్వాత ఒక కర్ర తెచ్చి సంపులో ముంచి, తడి ఎంతవరకు అయిందో చూశారు. మోటారు లేదు, నీళ్లు తాడేసి తోడాల్సిందే. ఇంటికి రెండు బకెట్లు అన్నారు. కాగితం లేదు, సంతకాలు లేవు. తన బకెట్ తెచ్చి వరసలో చివర పెట్టారు. పసుపుపచ్చది, ఒక చెవి ఊడిపోతే తాడు కట్టి ఉండేది.

వాచ్‌మన్ భార్య ఓ పక్కన ఖాళీ బకెట్‌తో నిలబడింది, వరసలోకి రాలేదు. శ్రీకాకుళం వైపు వాళ్లు. ‘మాకేటి బావూ, మీరంతా పట్టుకున్నాక సూసుకుంతాం’ అంది. ఆయన ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. ‘ఇంటికి రెండమ్మా. మీదీ ఇల్లే. నా ముందుకి రా’ అన్నారు. మా అందరి చెవులా పడింది. ఆవిడ ఆయన బకెట్‌కి ముందు తన బకెట్ పెట్టింది.

పక్క బిల్డింగులో జనరేటర్ ఉండేది. పాల ప్యాకెట్లూ కొవ్వొత్తులూ మామూలు ధరకి దొరకని ఆ రోజుల్లో అక్కడ డీజిల్ ఎవరి ఇంటికి తిరిగిందో, ఎవరి ఇంటికి తిరగలేదో వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా బిల్డింగులో ఆ తర్వాత ఎండాకాలం నీళ్లు తక్కువైనప్పుడల్లా ఎవరో ఒకరు ‘రెండు బకెట్లే కదా’ అనేవారు. ఆ సెక్రటరీ గారు వాళ్లబ్బాయి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయాక, ఆయన్ని చూడని కొత్త కాపురంవాళ్లు కూడా అదే మాట అనేవారు. మీరు ‘ఒక్క మనిషి’ అని అడిగారు కాబట్టి ఇంత చెప్పాను.

మీకు తుఫాను రావాలని కోరుకోవడం లేదు. మీ గేటు దగ్గర మొన్న వచ్చినది కూడా ఒక చిన్న తుఫానే. ఆ పిల్లాడు అన్నాడు, పెద్దలు ఊరుకున్నారు, ప్రెసిడెంటు ఊరుకుంది. ఆ నాలుగైదు క్షణాల్లో అక్కడున్నవాళ్లందరికీ ఒక రూలు అర్థమైంది, మీ 14లో లేనిది. బాధపడుతూ ఊరుకున్నారా, ఒప్పుకుని ఊరుకున్నారా అన్నది మీకు తెలుసు, వాళ్లకి కనబడదు. ఇంకోసారి జరుగుతుంది, తప్పకుండా. అప్పుడు పిల్లాణ్ణి తిట్టకండి. తిడితే పాతాయన పద్ధతే మళ్లీ. సైకిల్ ఆపి, ‘తాతగారిని అలా అడగకూడదు నాన్నా, మళ్లీ అడుగు’ అని అక్కడే నిలబడండి, వాడు మళ్లీ అడిగేదాకా. నవ్వుతూనే నిలబడండి.

నా సొంత గొడవ ఒకటి చెప్తాను. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన ఒక స్కూల్లో, ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్న ఒక కొత్త టీచరు పరుగెత్తుకుంటూ వచ్చి, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలో పురుగుందని చెప్పింది. ‘ఇవాళే దొరికిందా నీకు చెప్పడానికి?’ అన్నాను. అంతే అన్నాను. స్టాఫ్ రూం అంతా విన్నారు. ఆ తర్వాత నా దగ్గరికి ఏ సమస్యా రాలేదు. స్కూలు ఎంత బాగా నడుస్తోందో అని నేను మురిసిపోయాను కూడా. రెండు నెలల తర్వాత ఒక పిల్ల తల్లి వచ్చి, ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదని, పిల్లలు సాయంత్రం దాకా బిగబట్టుకుని ఇంటికొస్తున్నారని చెప్పింది. టీచర్లందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు.

ఏమీ ఎరగక అలా మురిసిపోయినదాన్ని నేనొక్కదాన్నే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆవిడ అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలని పరిశీలిస్తూ, మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువుంటాయని అనుకుంది. తీరా చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. తర్వాత అర్థమైందేమిటంటే, అక్కడ పొరపాటు జరిగితే పైకి చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచుకుంటున్నారు. చెప్తే పెద్దావిడ ఎలా చూస్తుందన్న దాన్ని బట్టి. కాబట్టి మీ మీటింగులో ఫిర్యాదులు పెరిగితే కంగారు పడకండి. మొదటి ఆరు నెలలు పెరగాలి.

మీటింగులో ‘అలాగే మేడం’ గురించి. మౌనం అర్ధాంగీకారం అన్నవాడెవడో అపార్ట్‌మెంటులో ఉండి ఉండడు. అక్కడ మౌనం అంటే రాత్రి పదకొండుకి చూసుకుందాం అని. సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం చాలామంది వినే ఉంటారు. చూపించిన గీతతో ఏ గీత సమానమో కళ్ల ముందే కనబడుతున్నా, గదిలో మిగతావాళ్లందరూ తప్పు జవాబు చెప్తే, చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వాళ్లతో గొంతు కలిపేశారు. అందరూ అక్కడితో ఆపేస్తారు. ఆ ప్రయోగంలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతది. ఆ గదిలో ఒక్కడు, ఒకే ఒక్కడు నిజం చెప్పేవాడు తోడుంటే, గొంతు కలిపేవాళ్లు బాగా తగ్గిపోయారు.

మీరు చెయ్యాల్సిందల్లా ఆ ఒక్కడికి చోటివ్వడం. ఇప్పుడు మీ మీటింగు ఎలా మొదలవుతుందో ఊహించగలను. మీరు నిలబడి, అజెండా చదివి, మీ అభిప్రాయం చెప్పి, ‘ఎవరైనా ఏమైనా అంటారా?’ అంటారు. ఎవరంటారు? ఈసారి మీరు ఆఖర్న మాట్లాడండి. గ్రూపులో రాత్రుళ్లు ఎక్కువ రాసే మనిషిని ముందు రోజే కలిసి, ‘మీ అభ్యంతరం రేపు మొదట మీరే చెప్పండి, రాసుకుంటాను’ అనండి. ఆయన మాట్లాడుతుండగా అందరూ ఆయన్ని కాదు, మీ ముఖాన్ని చూస్తారు. పెన్ను పట్టుకుని నిజంగానే రాసుకోండి. ఒప్పుకోనవసరం లేదు.

గ్రూపు సంగతి రెండు ముక్కల్లో. రాత్రి మెసేజీకి మీరు రాత్రే జవాబిస్తున్నారని మీ స్క్రీన్‌షాట్లు చెప్తున్నాయి, 11.20కి ఒకటి, 12.05కి ఒకటి. కచేరీ వేళ మీరే ఖరారు చేశారు మరి. రేపటి నుంచి పొద్దున్న ఎనిమిదికి, అన్నిటికీ, మర్యాదగా. నచ్చనివి డిలీట్ చెయ్యొద్దు.

చెత్త సంచుల దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను. అన్నిటికీ మనుషుల బుద్ధి కారణం అనుకోవద్దు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండి మీ సందులోకి ఏ వేళకి వస్తుంది? ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లవాళ్లు ఆ వేళకి ఉంటున్నారా? తడి చెత్త, పొడి చెత్త డబ్బాలు కింద సెల్లార్లో ఒకేచోట ఉన్నాయా, ఫ్లోర్‌కి ఒకటి ఉందా? నాలుగు డబ్బాలు కొంటే తీరే సమస్యకి సంస్కారం గురించి నోటీసు అంటిస్తే, సంస్కారం ఉన్నవాళ్లకి కూడా ఒళ్లు మండుతుంది. అలాగే బకాయిలు. బోర్డు మీద పేర్లు మానేసి ఇంటికి వెళ్లి అడగండి. ఒకరిద్దరికి ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఆ సంగతి మీకు మాత్రమే తెలియాలి.

మీరొక్కరే మార్చాలనీ లేదు. కమిటీలో ఎవరున్నారన్నది మర్చిపోయి, బిల్డింగులో ఎవరి గుమ్మం ముందు ఎక్కువ చెప్పులుంటాయో చూడండి. న్యూజెర్సీలో ఎలిజబెత్ పాలక్, మరిద్దరు పరిశోధకులు 56 స్కూళ్లలో, 24 వేల పైచిలుకు పిల్లల మధ్య ఇదే చేశారు. తోటివాళ్లు ఎవరితో ఎక్కువ సమయం గడుపుతున్నారో ముందు పిల్లలనే అడిగారు. తర్వాత కొన్ని స్కూళ్లలో ఒక్కో చోట ఇరవై ముప్ఫై మంది పిల్లల్నే తీసుకుని, గొడవలు వద్దని వాళ్ల చేత నలుగురి ముందూ చెప్పించారు. ఏడాదిలో ఆ స్కూళ్లలో కొట్లాట కేసులు మిగతా స్కూళ్లతో పోలిస్తే 30 శాతం తగ్గాయి. ఆ ఇరవై ముప్ఫై మందిలో నలుగురూ గమనించే పిల్లలు ఎంత ఎక్కువుంటే ఫలితం అంత ఎక్కువ. వాళ్లు క్లాస్ లీడర్లే కానక్కర్లేదు. 2016లో వచ్చిందిది.

న్యూజెర్సీ దాకా ఎందుకు, మన నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. రాత్రి బళ్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. సర్పంచ్ కాదు, ఎమ్మెల్యే కాదు. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వమే సారాని నిషేధించాల్సి వచ్చింది.

మీ దగ్గర అలాంటివాళ్లు ఎవరు? కార్తీకమాసంలో వనభోజనాలకి కంబాలకొండ వెళ్దామంటే అందరి చేతా ఊ అనిపించే పిన్నిగారు ఒకరుంటారు. వినాయకచవితి పందిరికి పిల్లల్ని పోగేసే కుర్రాడొకడుంటాడు. సెల్లార్లో క్రికెట్ టీముకి కెప్టెన్, పదమూడో పద్నాలుగో ఏళ్లవాడు, వాణ్ణి అస్సలు వదలొద్దు. మీరు వంద నోటీసులు పెట్టినా మారని సైకిల్ పిల్లాడు, ఆ కెప్టెన్ బంతి కోసం వెళ్తూ ‘తాతా, గేటు’ అంటే ఆ సాయంత్రమే మారతాడు. పిల్లల మీద నాకున్న నమ్మకం కాదిది, ముప్ఫై ఏళ్లు బళ్లో చూసింది. పెద్దవాళ్ల విషయంలో ఇంత ధైర్యంగా చెప్పలేను. కొందరు మీరు దిగిపోయేదాకా మారరు, మీరు దిగిపోయాక మారామని చెప్పుకుంటారు.

రాజీనామా వద్దు. నాలుగు నెలలకి దిగిపోతే, ‘చూశారా, ఆ పాతాయనే కరెక్టు’ అన్న మాట ఆ గోడల్లో ఇంకిపోతుంది. కానీ ఎంతకాలం ఉంటారో ఇప్పుడే చెప్పేయండి. రెండేళ్లు అనుకుంటే రెండేళ్లు. ఆరేళ్లు ఒకరే ఉండటం కూడా మీ ఇప్పటి అవస్థకి ఒక కారణం.

చివరగా, మీ ఉత్తరంలో నన్ను కాస్త గుచ్చిన సంగతి. ‘నేనెప్పుడూ ఒరే అనను, వాచ్‌మన్ అనే పిలుస్తాను’ అని రాశారు. మూడు పేజీల్లో లిఫ్టు కంపెనీ పేరుంది, బోరు మెకానిక్ పేరుంది, సైకిల్ పిల్లాడి పేరు కూడా ఉంది, అచ్చులో తీసేశాను. ఆయన పేరు లేదు. జీతాల రిజిస్టరులో ఉండే ఉంటుంది, అందులో చూడకండి. కిందికి వెళ్లి అడగండి. ఇన్నాళ్లకి అడగడం మీకూ ఇబ్బందే, ఆయన కూడా కంగారుపడి లేచి నిలబడతారు, స్టూలు మీద మళ్లీ కూర్చోబెట్టి అడగండి. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే మంచిది, పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు.